డబ్ల్యూ-2 ముందు పెట్టుకుని చదువు

ఒరేయ్ శీనూ,

మొన్న నువ్వు జీతంలో కోసిన పన్నుల రీఫండ్ గురించి అడిగింది ఫోన్లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని రాస్తున్నా.

ముందు డబ్ల్యూ-2లో, అంటే కంపెనీ ఇచ్చే ఏడాది జీతం, పన్నుల పత్రంలో, నాలుగో గడి, ఆరో గడి చూడు. సోషల్ సెక్యూరిటీ (పెన్షన్ పన్ను), మెడికేర్ (వృద్ధుల వైద్యానికి పన్ను) అని అక్కడ అంకెలుంటే మీ కంపెనీ కోయకూడనిది కోసిందన్నమాట. ఎఫ్-1 చదువు వీసా మీద వచ్చిన స్టూడెంట్‌కి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆ రెండూ ఉండవు, చదువుకి సంబంధించిన ఉద్యోగానికిచ్చే ఓపీటీ అనుమతి మీద ఉన్నా సరే. నువ్వు దిగింది 2022 డిసెంబర్ ఆఖర్లో కదా, ఆ నాలుగు రోజులకే ఒక ఏడాది ఖర్చు రాసేస్తారు! అయినా ఎఫ్-1లో ఉన్నంతవరకు 2026 చివరిదాకా నీకు ఢోకా లేదు. హెచ్-1బీ ఉద్యోగ వీసాకి మారితే మాత్రం ఆ రోజు నుంచే కోత మొదలు. అరవై వేల డాలర్ల జీతానికి 7.65 శాతం అంటే 4,590 డాలర్లు. ఎందుకురా వదులుకోవడం?

ఇది ట్యాక్స్ రిటర్న్‌తో పాటు వచ్చేస్తుందనుకునేవాళ్ళు చాలామంది. రాదు. ముందు హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టు, నోటిమాటగా అడక్కు. నాకూ ఓపీటీ మొదట్లో ఇలాగే కోశారు, ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) రూల్ జతచేసి రాస్తే మారు మాట్లాడకుండా వెనక్కిచ్చారు. పేరోల్ వాళ్ళకి చాలాసార్లు తెలియదంతే. వాళ్ళు వెనక్కి ఇవ్వం అంటే, రీఫండ్ అడిగే ఫారం 843, దానితో 8316 నింపి, డబ్ల్యూ-2, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఐ-20 (కాలేజీ ఇచ్చే స్టూడెంట్ పత్రం), ఈఏడీ (పని అనుమతి కార్డు) కాపీలు పెట్టి ఐఆర్ఎస్‌కి పోస్టులో పంపాలి. నెలల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు, టెన్షన్ పడకు.

ఇక మీ రూమ్మేట్ సలహా. రెసిడెంట్లు వేసే మామూలు రిటర్న్ ఫారం 1040 వేస్తే చదువు క్రెడిట్ (చదువు ఖర్చుకిచ్చే పన్ను తగ్గింపు) కలిసి రీఫండ్ బాగా వస్తుందన్నాడా? వస్తుంది, తప్పుడు రిటర్న్ కాబట్టి వస్తుంది. తర్వాత ఐఆర్ఎస్ అడిగితే వడ్డీతో కట్టేది నువ్వే, వాడు కాదు. పన్ను లెక్కలో మనం ఇంకా నాన్ రెసిడెంట్లం. వేయాల్సింది నాన్ రెసిడెంట్ల ఫారం 1040-ఎన్ఆర్, జతగా స్టూడెంట్ హోదా చూపే ఫారం 8843. అందరూ వాడే సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఎన్ఆర్ చేయవు, దానికి వేరే ఉన్నాయి.

మనకో సౌకర్యం ఉంది. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ ప్రకారం మన స్టూడెంట్లు ఎన్ఆర్‌లోనే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. 2025 సంవత్సరానికి అది 15,750 డాలర్లు. మీ పక్క గది నేపాల్ కుర్రాడికి ఇది లేదు, వాళ్ళ దేశానికి అసలు ఒప్పందమే లేదు. పాపం, వాడి ముందు గొప్పలు పోకు.

టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి ఆ గోల నీకు లేదు. కాలిఫోర్నియాకి మారాలని చూస్తున్నావుగా, అక్కడ ఈ ఒప్పందాన్ని లెక్కచేయరు, జీతం మాట్లాడేటప్పుడు గుర్తుపెట్టుకో.

రిటర్న్ వేయడానికి ఏప్రిల్ 15 గడువు. శనివారం పొద్దున్నే కాల్ చెయ్యి, హెచ్ఆర్‌కి మెయిల్ ఇద్దరం కూర్చుని రాద్దాం. డబ్ల్యూ-2 ఫోటో మాత్రం మన వాట్సాప్ గ్రూపులో పెట్టకురా బాబూ, దాని మీద నీ ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) ఉంటుంది.

నీ,
రఘు