మీ ఫ్యామిలీ షో గురించి, అంతకంటే ముఖ్యంగా మీ కస్టమర్ సర్వీస్ గురించి ఫిర్యాదు

ఒపెరా సంస్థ కస్టమర్ సర్వీస్ అధిపతి గారికి,

నమస్కారం. మీ ‘హాన్సెల్ అండ్ గ్రెటెల్’ ఫ్యామిలీ షోలో లోపం జరిగింది. అంతవరకే అయితే సర్దుకుపోయేదాన్ని. అడిగితే ఒక్కరూ పట్టించుకోకపోవడమే నాకు మింగుడు పడటం లేదు.

‘పూర్తి ఒపెరా, పిల్లలతో రండి’ అని ప్రకటన వేశారు. రెండో అంకం చివర, అడవిలో దారి తప్పిన పిల్లలిద్దరూ ప్రార్థన పాడుకుని నిద్రపోతారు. అప్పుడు 14 మంది దేవదూతలు దిగివచ్చి చుట్టూ కాపలా నిలబడాలి. మీరు ప్రార్థన అవగానే తెర దించేసి లైట్లు వేసేశారు. మా మనవరాలు ఆ ప్రార్థన అర్థం ముందే నేర్చుకుని వచ్చింది. తల దగ్గర ఇద్దరు, కాళ్ల దగ్గర ఇద్దరు, కుడివైపు, ఎడమవైపు ఇద్దరిద్దరు, దుప్పటి కప్పేవాళ్లు, నిద్ర లేపేవాళ్లు, స్వర్గానికి దారి చూపేవాళ్లు. లెక్కపెట్టడానికి వేళ్లు చాపి కూర్చున్న పిల్ల, లైట్లు వెలిగాక కూడా చేతులు దించలేదు. ‘‘వస్తారు కదా అమ్మమ్మా?’’ అంటోంది.

హాల్లో పనిచేసే మీ కుర్రాణ్ని అడిగితే ఆఫీసుకు మెయిల్ పెట్టమన్నాడు. పెట్టాను. ‘మీ అభిప్రాయం మాకెంతో విలువైనది’ అని క్షణంలో జవాబొచ్చింది, ఆ తర్వాత ఏమీ లేదు. ఫోన్ చేస్తే మొదట ఎత్తినాయన టికెట్ నంబరు, సీటు నంబరు, పుట్టిన తేదీ అన్నీ చెప్పించుకుని, ‘‘మాది టికెట్ల విభాగం, స్టేజీ సంగతి ప్రొడక్షన్ వాళ్లది’’ అన్నాడు. ప్రొడక్షన్ వాళ్లేమో ప్రేక్షకులతో మాట్లాడటం తమ పని కాదన్నారు. మళ్లీ మొదటికే పంపారు. మళ్లీ పుట్టిన తేదీ.

ఇంకో అమ్మాయి చెప్పిన మాట ఇప్పటికీ మరిచిపోలేకపోతున్నాను. ‘‘ఆ సీన్‌లో పాటా లేదు, మాటా లేదు కదా మేడమ్, మీరేం మిస్ కాలేదు.’’ నిజమే, అది మాటల్లేని సీనే. అక్కడ మాట్లాడేది ఆర్కెస్ట్రా. ఒపెరా మొదలవగానే హార్న్ వాద్యాలు మెల్లగా వినిపించే ఆ ప్రార్థన స్వరమే అక్కడ ఆర్కెస్ట్రా అంతటా నిండిపోతుంది. అందరికంటే చిన్నపిల్లలకు సులువుగా అర్థమయ్యేది ఆ సీనే, ఎందుకంటే భాష రానక్కర్లేదు. ఒపెరా సంస్థలో పనిచేస్తూ సంగీతం లెక్కలోకి రాదంటే ఎలా?

ఈ ఒపెరా స్వరకర్త హంపర్‌డింక్ పేరు చెబితే మరో ఉద్యోగి కంప్యూటర్లో వెతికి, ‘‘ఆయన కచేరీ మేం పెట్టలేదు మేడమ్’’ అన్నాడు. అదే పేరు పెట్టుకున్న పాప్ గాయకుడు ఒకాయన ఉన్నారు, ఆయన వేరు. ఇది 1893 డిసెంబరు 23న జర్మనీలోని వైమార్‌లో స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ సంగీత నిర్వహణలో తొలిసారి ఆడిన ఒపెరా అని ఓపిగ్గా చెప్పాను. హంపర్‌డింక్ చెల్లెలు తన పిల్లల కోసం కొన్ని పాటలు కట్టమని అడిగితే, అవే పెరిగి ఒపెరా అయ్యాయనీ చెప్పాను. దీనికి మూలమైన గ్రిమ్ సోదరుల కథలో పిల్లల్ని అడవిలో వదిలేయమనే తల్లి, ఇందులో కోపంలో వాళ్లను స్ట్రాబెర్రీలు ఏరుకురమ్మని పంపుతుంది. పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని అంత శ్రద్ధగా రాసిన దాంట్లోంచి పిల్లల షోలోనే ఆ సీన్ తీసేశారు. ఇదంతా విని అతను నన్ను హోల్డ్‌లో పెట్టాడు. లైను కట్టయింది.

చివరికి మెసేజ్ వచ్చింది: ‘మీ ఫిర్యాదు పరిష్కారమైంది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?’ ఎవరు పరిష్కరించారు? ఎప్పుడు? ఆ మెసేజ్ చూశాకే ఈ లేఖ రాయడానికి కూర్చున్నాను.

మా అమ్మాయి చిన్నప్పటి నుంచీ మీ సభ్యులం. హాలు సగం ఖాళీగా ఉన్న రోజుల్లో కూడా టికెట్లు కొన్నాం, విరాళం అడిగితే కాదనలేదు. విరాళం కోసం ఫోన్ చేసేటప్పుడు మాత్రం మీ వాళ్లకు నా పేరు, సీటు అన్నీ గుర్తుంటాయి.

మనుషులు చాల్లేదా, సెట్ పాడైందా, టైము సరిపోలేదా? ఏదైనా సరే, ఆ సీన్ ఎవరు తీసేయమన్నారో, ఎందుకో సంతకంతో రాసి పంపండి. టికెట్ డబ్బులు తిరిగిస్తారో, పూర్తి షోకి ఆ పిల్లలందరినీ మళ్లీ పిలుస్తారో మీరే తేల్చండి. పిలిస్తేనే నాకు సంతోషం. ఈ నెలాఖరులోగా జవాబు రాకపోతే సభ్యత్వం వదులుకుంటాను, వినియోగదారుల కోర్టుకు వెళతాను. మనవరాలి స్కూల్లో తల్లిదండ్రులందరికీ ఈ లేఖ కాపీ ఇస్తాను. మీ ప్రకటన, టికెట్లు, ఆ ‘పరిష్కారమైంది’ మెసేజ్ కాపీలు జత చేశాను.

ఇట్లు,
మీ పాత సభ్యురాలు