మీ మ్యాపులు ఎందుకు తప్పాయంటే

గత నెలలో మీ వెబ్‌సైట్లలో “దగ్గరలోని శాఖలు” అని వెతికినవారికి ఏమీ దొరకలేదు. కొత్తగా చేర్చిన చిరునామాలు మ్యాపులో వేల కిలోమీటర్ల దూరాన తేలాయి. మీరు ఫోను చేస్తే “చూస్తున్నాం” అనడం తప్ప అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది.

మాకు సర్వర్లు అద్దెకిచ్చే సంస్థ ఒక్క మాటైనా చెప్పకుండా, మీ సమాచారం దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్‌లో 5.7 వెర్షన్ తీసేసి 8.0 పెట్టింది. 5.7కు మద్దతు 2023 అక్టోబరులోనే ముగిసింది కాబట్టి మార్చడాన్ని తప్పుపట్టను. చెప్పకపోవడాన్ని పడతాను. మ్యాపులో ఒక చోటును చూపే బిందువుకు 4326 అనే కోఆర్డినేట్ వ్యవస్థ సంఖ్య (అక్షాంశ రేఖాంశాలతో స్థానం చెప్పే పద్ధతికి గుర్తు) ఇచ్చినా 5.7 దాన్ని పట్టించుకోదు. మేము రేఖాంశం ముందు రాస్తే అలాగే తీసుకునేది. 8.0 పట్టించుకుంటుంది. దాని లెక్కలో 4326 అంటే అక్షాంశమే ముందు. దాంతో మేము రాసిన ప్రతి కొత్త బిందువూ, వెతికే బిందువూ తారుమారయ్యాయి. రేఖాంశం 90 డిగ్రీలు దాటిన చోట డేటాబేస్ లోపం చూపి ఆగిపోయింది, అది నయం. దాటని చోట కిమ్మనకుండా తప్పు స్థానాన్ని దాచుకుంది. పాత బిందువులు చెక్కుచెదరలేదు కాబట్టి కారణం పట్టుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ సంస్థను నిలదీస్తే “అది డాక్యుమెంటేషన్‌లో ఉంది కదా” అన్నారు. నిజమే, ఉంది. పదిహేనేళ్లుగా ఇదే పనిలో ఉన్న నాకు ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

అక్షాల క్రమాన్ని, అంటే అక్షాంశ రేఖాంశాల్లో ఏది ముందో, విడిగా చెప్పే సదుపాయం 8.0లోనే ఉంది. అది వాడి, తప్పిన బిందువులన్నీ ఆ వారమే సరిదిద్దాం. అక్కడితో ఆగవచ్చా అన్నదే నన్ను రెండు వారాలు నిద్రపోనివ్వలేదు. మీ పేజీలు వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. దానికి కావలసింది మైఎస్‌క్యూఎల్ లేదా అలాంటిదే అయిన మరియాడీబీ డేటాబేస్. అందుకే అన్నీ ఒకే డేటాబేస్‌లో ఉండాలని మీతో వాదించినవాణ్ణి నేనే. రెండుచోట్ల దాస్తే, పేజీ తొలగించినా దాని బిందువు రెండోచోట మిగిలిపోతుంది. రెండింటి బ్యాకప్‌లూ ఒకే సమయానివి కాకపోతే పేజీకీ స్థానానికీ పొంతన ఉండదు. ఆ భయాలు ఇప్పటికీ ఉన్నాయి.

అయినా స్థానాలను మేమే నడిపే సర్వర్‌లోని పోస్ట్‌జీఐఎస్‌కు (పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌కు మ్యాపు లెక్కలు జోడించే సాఫ్ట్‌వేర్) తరలించాను. మాకు తెలియకుండా దాని వెర్షన్‌ను ఎవరూ మార్చలేరు. అందులో స్థానాలు దాచే జాగ్రఫీ అనే డేటా రకం దూరాన్ని మీటర్లలో లెక్కిస్తుంది. ఒక డిగ్రీ రేఖాంశం భూమధ్యరేఖ దగ్గర దాదాపు 111 కిలోమీటర్లు, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో సగమే. డిగ్రీలతో దూరం కొలిస్తే వచ్చే చిక్కు ఇదే. ప్రతి బిందువూ తన పేజీ సంఖ్యతో ముడిపడి ఉంటుంది, రోజూ రాత్రి రెండు డేటాబేస్‌లనూ పోల్చి చూస్తాం, బ్యాకప్ రెండింటికీ కలిపే తీస్తాం.

మీరు చిరునామాలు చేర్చే తెర మారలేదు, రుసుమూ మారలేదు. గత నెలలో చేర్చినవాటిని మాత్రం ఒకసారి మ్యాపులో చూసి, తేడా ఉంటే చెప్పండి.

ఈ తలనొప్పి వదిలేసి రెడీమేడ్ మ్యాపు సేవకు మారిపొమ్మని కొందరు సలహా ఇచ్చారు. మారను. మీ స్థానాలు మీవి. ఎప్పుడడిగినా, స్థానాలను రాసిపెట్టే జియోజేసన్ అనే ఫార్మాట్‌లో ఫైలుగా ఇస్తాను. 2016 నాటి దాని ప్రమాణం ప్రకారం అందులో రేఖాంశమే ముందుంటుంది. వేరే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే ముందు అది ఏ క్రమాన్ని కోరుతుందో చూసుకోండి.