రీలుకి పన్నెండే

కాన్, ఫ్రాన్స్, ఆదివారం రాత్రి

నాన్నా,

నేను బాగున్నాను. జలుబు తగ్గింది, ముందు ఆ మాట అమ్మకి చెప్పు. పని మామూలే, రాయడానికేం లేదు.

కంటి ఆపరేషన్ అనగానే ఫోన్‌లో మాట దాటేశావు. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో కట్ చెయ్యలేవుగా.

నిన్న బస్సెక్కి ఎర్మాన్‌విల్ బీచికి వెళ్ళాను. రెండో ప్రపంచయుద్ధంలో, 1944 జూన్ 6న, జర్మన్ల మీదికి బ్రిటిష్ సైన్యం దిగిన తీరం. వాళ్ళు దానికి సోర్డ్ అని పేరు పెట్టుకున్నారు. నేను వెళ్ళేసరికి ఆటు, సముద్రం ఎక్కడో ఉంది. ఇసుక మన సూర్యలంకలోలాగే తడిగా, గట్టిగా.

ఆ రోజు సైనికులతో పాటు సైన్యం ఫొటోగ్రాఫర్లూ దిగారు. సార్జెంట్ జిమ్ మ్యాఫమ్ తీసిన ఫొటో ఒకటుంది. వెనక కమాండోలు నీళ్ళలోంచి నడిచొస్తుంటారు. ముందున్న సైనికుల్లో ఒకడు మాత్రం తల తిప్పి సూటిగా కెమెరాలోకి చూస్తాడు, బజార్లో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు. నువ్వయితే ఆ గుండ్ల మోతలో కూడా ‘గడ్డం కొంచెం దించు బాబూ’ అనేవాడివి.

ఇంకో సంగతి వింటే నవ్వుతావు. ఆ సైన్యం ఫొటోగ్రాఫర్లు ఎక్కువగా వాడింది జర్మన్ కెమెరా, జైస్ సూపర్ ఇకాంటా! నీ యాషికా కెమెరాలో వేసే 120 రీలే. పన్నెండుకి మించి రావు. తీసిన రీలుకి వివరాలు రాసిన కాగితం జతచేసి లండన్‌కి పంపేవాళ్ళు, కడగడం, సెన్సార్ చెయ్యడం అన్నీ అక్కడే. పెళ్ళి రీళ్ళు విజయవాడ ల్యాబ్‌కి పంపి, అవి తిరిగొచ్చేదాకా నువ్వు అన్నం సరిగ్గా తినేవాడివి కాదు. గుర్తుందా?

అదే రోజు అమెరికన్లు దిగిన ఒమాహా బీచి ఇక్కడికి పడమరన. అక్కడ అమెరికన్ కోస్ట్‌గార్డ్ ఫొటోగ్రాఫర్ రాబర్ట్ సార్జెంట్ పడవలోంచి తీసిన ఫొటోలో అన్నీ వీపులే. పడవ తలుపు పడిపోయి ఉంటుంది, వాళ్ళు నడుము లోతు నీళ్ళలో పొగలోకి వెళ్తుంటారు. వీపులు తీస్తే పెళ్ళివాళ్ళు డబ్బులివ్వరంటావు కదా, తమ్ముణ్ణి అడిగి ఫోన్‌లో ఒకసారి చూడు.

ఆవకాయ అందింది. నూనె కారి స్వెటర్‌కి అంటింది, రెండుసార్లు ఉతికినా వాసన పోలేదు. పోకపోతేనే బాగుంది. సంబంధం సంగతి డిసెంబర్‌లో వచ్చాక మాట్లాడదాం, ఇప్పుడు కాదని అమ్మతో చెప్పు. కోపంతో కాదు.

ఈమధ్య ఫోకస్ చేసేటప్పుడు కుడి కన్ను మానేసి ఎడమ కన్ను పెడుతున్నావట. తమ్ముడు చెప్పాడు, వాణ్ణి తిట్టకు. నలభై ఏళ్ళు ఆ కంటితోనే కదా చూశావు. భయమేస్తోందని ఒక్క మాట చెబితే నేనే టికెట్ కొనుక్కుని వచ్చేస్తాను. చెప్పవు, నాకు తెలుసు.

డాక్టర్ దగ్గర తేదీ తీసుకో. స్టూడియోకి వారం రోజులు తాళం వేస్తే కొంపలేం మునగవు.

నీ
బుజ్జి