పేరు చెప్పని మీకు

పేరడిగితే "పేరెందుకండీ, చూసుకోండి చాలు" అన్నారు. అందుకే, మీ పాత వీడియో క్యాసెట్‌ని కంప్యూటర్లోకి ఎక్కించి ఇచ్చినందుకు ఈ కృతజ్ఞతలు పేరు లేకుండానే.

మా లోకల్ ఛానెల్లో సాయంత్రాలు వచ్చిన పిల్లల కార్యక్రమాల కోసం ఎన్నేళ్లు వెతికానో! కార్టూన్లు ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనిది వాటి మధ్యలో వచ్చినదే. యాంకరక్క పుట్టినరోజుల చిట్టా చదవడం, చేతిబొమ్మ ఆమె మాటకి అడ్డం పడటం, "ఇప్పుడే వస్తాం" అని రాసిన ఆ అట్టముక్క. ఛానెల్ వాళ్లు ఆ టేపుల మీదే మళ్లీ రికార్డు చేసేశారట. తిట్టుకుని లాభం లేదు, బీబీసీ అంతటిదే 1960లు, 70లలో బోలెడు కార్యక్రమాలు చెరిపేసింది.

మీ దగ్గరున్నది టీ-120 వీహెచ్‌ఎస్ క్యాసెట్, అంటే మామూలు స్పీడులో రెండు గంటలు పట్టే పాతకాలపు వీడియో టేపు. రెండు గంటల టేపులో ఆరు గంటలు పట్టాలని అన్నిటికన్నా నెమ్మది స్పీడులో ఎక్కించినట్టున్నారు, బొమ్మ అడుగున తెల్లగీతలు ఒకటే వణుకు. పైగా అంచున బూజు. అలాగే పెడితే వీసీఆర్‌లో టేపుని చదివే హెడ్డు పాడవడమే కాదు, తర్వాత పెట్టే క్యాసెట్లకీ అంటుకుంటుంది. మీరు ఓపిగ్గా తుడిచి, ఆరబెట్టి, అప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించారు. (నేనైతే ఆత్రంకొద్దీ పెట్టేసేవాణ్ని.) ఒక్క రూపాయి తీసుకోలేదు.

రెండో గంటలో యాంకరక్క మా చెల్లి పేరు చదివింది. అదీ తప్పుగా. చేతిబొమ్మ పకపకా నవ్వింది. ఆరోజు అలిగి అన్నం మానేసిన చెల్లి, రాత్రి ఆ ముక్క నాలుగుసార్లు వెనక్కి తిప్పించుకుని చూసింది. తను కూడా మీకు థ్యాంక్స్ చెప్పమంది.