సుప్తావస్థనూ శవాల నిల్వనూ ఒకే గాటన కట్టవద్దు

సంపాదకులకు నమస్కారం.

అంగారకుడి వంటి దూర గ్రహాలకు వెళ్లే వ్యోమగాములను శీతాకాల సుప్తావస్థలో ఉంచి పంపవచ్చుననీ, అదే దారిన మనిషి చావును కూడా వాయిదా వేసుకోవచ్చుననీ చెప్పే వ్యాసాలు ఈ మధ్య తెలుగు పత్రికల్లో తరచుగా కనిపిస్తున్నాయి. ఎలుగుబంటి నిద్రతో మొదలై, అమెరికాలో ద్రవ నత్రజని నింపిన తొట్లలో తలకిందులుగా నిలబెట్టిన మృతదేహాల దగ్గర ముగియడం వీటికి ఆనవాయితీ అయింది. గుండె శస్త్రచికిత్సల్లో మత్తు ఇవ్వడం వృత్తిగా ఉన్నవాడిగా, ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదని విన్నవించుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను.

చలికి ప్రాణం నిలిపే గుణం ఉన్న మాట నిజమే. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమని వంపు భాగాన్ని మార్చవలసి వచ్చినప్పుడు, గుండె, ఊపిరితిత్తుల పని తాను చేసే హార్ట్-లంగ్ మెషిన్ ద్వారా రోగి రక్తాన్ని చల్లబరుస్తూ శరీర ఉష్ణోగ్రతను 18 లేదా 20 డిగ్రీల సెల్సియస్ దాకా దించి, తల చుట్టూ ఐసు సంచులు పేర్చి, చివరకు ఆ మెషిన్‌ను కూడా ఆపేస్తాం. అప్పుడు గుండె కొట్టుకోదు, రక్తం కదలదు, మెదడు తరంగాల గీత మానిటర్ మీద చదునుగా సాగిపోతుంది. సర్జన్ కుట్లు వేస్తుండగా ఆ మెషిన్ నడిపే పెర్ఫ్యూజనిస్టు గడియారం చూసి పది, పదిహేను, ఇరవై అంటూ నిమిషాలు పైకి చదువుతుంటాడు. ముప్ఫై దగ్గర పడేసరికి గదిలో అందరికీ గుబులే. ఆ తరువాత వేడెక్కించడం కూడా తొందరపడి చేసే పని కాదు; రోగి కళ్లు తెరిచి, చేయి ఎత్తమంటే ఎత్తేదాకా మాకు నమ్మకం కుదరదు. మెదడుకు విడిగా రక్తం పంపే పద్ధతులు వచ్చాక వ్యవధి కొంత పెరిగిన మాట నిజమే గాని, ఇంత హంగామాకూ చలి ఒక్కటే మాకిచ్చే గడువు ఇంచుమించు అరగంట.

ప్రమాదవశాత్తూ ఎక్కువ గడువు దొరికిన సందర్భాలూ ఉన్నాయి. 1999లో నార్వేలో మంచుగడ్డ కింది నీళ్లలో చిక్కుకున్న ఒక యువ వైద్యురాలు శరీర ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలకు పడిపోయినా కోలుకుని, తిరిగి ఆసుపత్రి ఉద్యోగంలో చేరారు. అమెరికాలోని బాల్టిమోర్‌లో శామ్యూల్ టిషర్‌మన్ బృందం తుపాకీ గుళ్లకూ కత్తిపోట్లకూ రక్తమంతా పోయి గుండె ఆగినవారి శరీరంలోకి చల్లని సెలైన్ పంపి, 10 నుంచి 15 డిగ్రీలకు దించి, గాయాలు కుట్టడానికి ఒకటి రెండు గంటలు సంపాదించే ప్రయత్నం చేసింది. ఇది సాహసమే అయినా వైద్యం పరిధిలోనిదే. ఎవరిని ఎందుకు చల్లబరిచారో, తిరిగి ఎలా వేడెక్కించాలో ముందే తెలుసు, ఫలితమూ లెక్క చూసుకుంటారు.

అంతరిక్ష యాత్రల ఆలోచన ఈ కోవలోకే వస్తుంది. నాసా ఆర్థిక సహాయంతో స్పేస్‌వర్క్స్ సంస్థ చేసిన అధ్యయనం, వ్యోమగాములను కొద్ది డిగ్రీలు మాత్రమే చల్లబరిచి, రక్తనాళం ద్వారా పోషకాలు ఇస్తూ, రెండు వారాల చొప్పున వంతులవారీగా పడుకోబెట్టాలని ప్రతిపాదించింది. శతాబ్దాల నిద్ర ఊసు అందులో లేదు. ప్రకృతిలో కూడా అది లేదు: శరీరం సున్నా కంటే కిందకు, దాదాపు మైనస్ 3 డిగ్రీల దాకా చల్లబడే ఆర్కిటిక్ నేల ఉడుత సైతం రెండు మూడు వారాలకొకసారి ఒళ్లంతా వేడెక్కించుకుని, దాదాపు ఒక రోజు గడిపాకే మళ్లీ చల్లబడుతుంది. 2020లో జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఎలుకల మెదడులో కొన్ని నాడీకణాలను ప్రేరేపించి అలాంటి స్థితిని తెప్పించగలిగారు. మనిషిలో అది సాధ్యమో కాదో తేలవలసే ఉంది.

ఎప్పటికైనా బతికించవచ్చన్న ఆశతో మృతదేహాలను అతిశీతలంలో దాచే క్రయోనిక్స్ సంగతి వేరు. అక్కడ చల్లబరిచేది చట్టరీత్యా మరణించినవారిని. 1967 జనవరిలో జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడితో ఇది మొదలైంది. ఆయన దేహం నేటికీ అరిజోనాలో ఆల్కార్ సంస్థ దగ్గర మైనస్ 196 డిగ్రీల వద్ద ఉంది. ఆయన తరువాత కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ శ్మశానపు నేలమాళిగలో ఉంచిన తొమ్మిది దేహాలు, నిర్వహణకు డబ్బు చాలక కరిగి కుళ్లిపోయిన సంగతి 1979లో బయటపడింది. ఈ కథ చెప్పకుండా బెడ్‌ఫర్డ్ కథ మాత్రమే అచ్చు వేయడం పాఠకులకు న్యాయం కాదు. మొత్తం దేహం నిల్వకు ఆల్కార్ తీసుకునే రుసుము రెండు లక్షల డాలర్లకు పైమాటే. చాలామంది జీవిత బీమా పాలసీ రాసిచ్చి కడుతున్నారు. ఇంతవరకు ఒక్కరినీ బతికించలేదు.

పిండాలను గడ్డకట్టించి మళ్లీ వాడుతున్నారు కదా, మనిషిని ఎందుకు కాదని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్నే. 1978లోనే కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ నిల్వ చేసిన పిండంతో బిడ్డను పుట్టించారు. ఆ ఘనతను ఆయన బతికుండగా ఒప్పుకోకపోవడం మన వ్యవస్థకే మచ్చ. అయితే పిండం వంద రెండు వందల కణాల ముద్ద. మంచు స్ఫటికాలు కట్టకుండా కాపాడే రసాయనం దాని నిండా నిమిషాల్లో పాకుతుంది, వేడి చేయడమూ క్షణాల పని. పెద్ద అవయవంలో పైపొర వేడెక్కేసరికి లోపలి భాగం ఇంకా చల్లగానే ఉండి పగుళ్లు పడతాయి. 2023లో మిన్నెసోటా పరిశోధకులు ఐరన్ ఆక్సైడ్ సూక్ష్మకణాలతో లోపలి నుంచే వేడి పుట్టించి, 100 రోజుల దాకా నిల్వ చేసిన ఎలుక మూత్రపిండాలను మళ్లీ పని చేయించారు. నేటి హద్దు అక్కడే ఉంది, అదీ ఎలుక మూత్రపిండం దగ్గర. అవయవ మార్పిడి కోసం ఎదురుచూసే మన రోగులకు నిజంగా ఆశ కలిగించే పరిశోధన ఇది, చిరంజీవిత్వానికి పూచీ కాదు.

బతికున్నవారి విషయంలోనైనా చలి అన్నిచోట్లా ఒకేలా పని చేయదు. పుట్టగానే ఊపిరాడక మెదడు దెబ్బతిన్న శిశువులను మూడు రోజుల పాటు 33.5 డిగ్రీల వద్ద ఉంచడం సంపన్న దేశాల్లో మేలు చేసింది. అదే పద్ధతిని భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో 408 మంది శిశువులపై పరీక్షించిన హీలిక్స్ అధ్యయనం 2021లో వెలువడింది: చల్లబరిచినవారిలో 42 శాతం, మామూలు చికిత్స పొందినవారిలో 31 శాతం మంది చనిపోయారు. అంగారక యాత్ర సంగతి వచ్చిన ప్రతిసారీ పేజీలు కేటాయించే మన పత్రికల్లో, మన ప్రసూతి ఆసుపత్రులకు నేరుగా సంబంధించిన ఈ ఫలితం మీద ఒక్క వివరమైన వ్యాసం నా కంటపడలేదు. మీ విజ్ఞాన పేజీలో దీన్ని ఒక శిశువైద్య నిపుణుడి చేత రాయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక మత్తు వైద్య నిపుణుడు,
విశాఖపట్నం