మొడెస్టో పిల్లలు మన ఇళ్లకూ రావాలి

సంపాదకులకు,

కాలిఫోర్నియాలోని మొడెస్టో మన విజయవాడకు సోదర నగరమని బెజవాడలో ఎంతమందికి తెలుసు? అదీ కాలవ నీటితో పంటలు పండే ప్రాంతమే. మనకు వరి, వాళ్లకు బాదం తోటలు. మామూలు జనం ఒకరినొకరు తెలుసుకోవాలని 1956లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ తలపెట్టిన ప్రయత్నంలోంచి ఇలా వేర్వేరు దేశాల నగరాలు స్నేహబంధం కలుపుకునే పద్ధతి పెరిగింది. అంతకుముందే, రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడినవాళ్లను మోసిన ఏఎఫ్ఎస్ (అమెరికన్ ఫీల్డ్ సర్వీస్) అంబులెన్స్ డ్రైవర్లు 1947లో హైస్కూలు విద్యార్థుల మార్పిడి మొదలుపెట్టారు. యుద్ధాన్ని దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఆ ఆలోచన రావడంలో వింతేముంది!

ఎమ్మెస్ కోసం మన పిల్లలు వెళ్తూనే ఉన్నారు. అక్కడి పిల్లలు మన ఇళ్లలో ఉండటం మాత్రం అరుదు. గోంగూర పచ్చడికి కళ్లనీళ్లు పెట్టుకుని, పక్కింటి పిన్నిగారి ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పిన కుర్రాడు రేపు మన గురించి ఎవరేం చెప్పినా అంత తేలిగ్గా నమ్మడు. ఆ పిన్నిగారికీ అమెరికా అంటే వీసా ఒక్కటే కాదని తెలుస్తుంది.

నగరపాలక సంస్థ ఈ బంధాన్ని కాగితం మీదే ఉంచకుండా మున్సిపల్ స్కూళ్ల పిల్లలకూ అవకాశమివ్వాలి. విదేశీయులు ఇంట్లో దిగితే 24 గంటల్లో ఆ వివరాలు అధికారులకు పంపాలంటే గృహస్థులకు టెన్షనే. అందుకో హెల్ప్ డెస్క్ పెడితే ఆతిథ్యమిచ్చే కుటుంబాలు ముందుకొస్తాయి.

– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ