మేడ్చల్ మెట్రో, ఎంఎంటీఎస్: ఆదివారం మీటింగ్
అందరికీ నమస్కారం. సికింద్రాబాద్ ప్యారడైజ్ నుంచి సుచిత్ర, కొంపల్లి మీదుగా మేడ్చల్ దాకా సుమారు 23 కిలోమీటర్ల మెట్రో ప్రతిపాదన సంగతి తెలిసిందే. అది వచ్చేలోపు మన పిల్లల పెళ్ళిళ్ళు అయిపోతాయేమో! 2023లో మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది కదా, ముందు దాని మీద పట్టుబడదాం అంటాను. పట్టాలున్నాయి, స్టేషన్లున్నాయి. కావాల్సింది ఆఫీసు వేళల్లో మరిన్ని రైళ్లు, స్టేషన్ నుంచి కాలనీలకు చిన్న బస్సులు. గుండ్లపోచంపల్లిలో రైలు దిగాక ఇల్లు చేరడానికి ఆటోకే టికెట్‌కు ఎన్నో రెట్లు పోతోంది.

ఆదివారం ఉదయం 10 గంటలకు కమ్యూనిటీ హాల్లో వినతిపత్రం రాద్దాం. ఎవరు ఏ టైముకు, ఎక్కడికి వెళ్తారో ఇక్కడే పెట్టండి. అప్పటిదాకా గుడ్ మార్నింగ్ ఫొటోలు ఆపండి, ప్లీజ్.